బతాకాలో లేని మెకానిక్

ఆ కాగితం నాకొద్దన్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు అన్నాను. మొదటి రెండుసార్లూ ఆ క్లర్కు నవ్వి ఊరుకున్నాడు కాబట్టి మూడోసారి గొంతు పెంచే అన్నాను. పక్క టేబుళ్ళ దగ్గరివాళ్ళు తలలు తిప్పి చూశారు. చూడనీ. ఇరవై రెండేళ్ళు ఈ ఖతర్ దేశంలో తలొంచుకొని పని చేశాను, పోయే ముందు ఒక్కసారి తలెత్తితే ఎవరి కొంప మునుగుతుంది?

మా కంపెనీ ఆఫీసు అల్ ముంతజాలో ఉంది. పని విరమించి ఇంటికి పోయేవాళ్ళ కాగితాలన్నీ అక్కడే ఇస్తారు. క్లర్కు నిజామాబాద్ వాడు. ఇంట్లో ఉర్దూ, నాతో తెలుగు. మంచివాడే, అబద్ధం ఎందుకు చెప్పాలి? కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు, ఆ తర్వాతే సర్వీస్ సర్టిఫికెట్ చేతిలో పెట్టాడు. అందులో నా పేరు, వచ్చిన సంవత్సరం, పోతున్న సంవత్సరం, వాటి మధ్య నా ఉద్యోగం: లేబర్. కింద నా ప్రవర్తన బాగుందని ఒక వాక్యం.

"గిది తప్పు రాసిండ్రు. నేను మెకానిక్‌ను," అన్నాను.

"చాచా, బతాకల ఏముంటే సిస్టమ్‌ల గదే వస్తది. నేనేం జేస్త చెప్పుండ్రి?"

బతాకా అంటే ఇక్కడి ఐడీ కార్డు. దాని మీద నా ఫొటో పక్కన అరబ్బీలో లేబర్ అనే ఉంది, నిజమే. అది ఎలా వచ్చిందో కూడా చెబుతాను. జగిత్యాల పక్క మా మండలంలో ఆయిల్ ఇంజన్లు రిపేరు చేసేవాణ్ణి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే లోపల ఏం అరిగిందో నాకు తెలిసిపోయేది. అప్పట్లో ఏజెంటు దగ్గర ఉన్నది లేబర్ వీసా. "ఏ వీసా అయితే ఏంది? విమానమెక్కు, అక్కడ మార్పిస్తరు," అన్నాడు. ఎక్కాను. మొదటి రెండేళ్ళు మెసయీద్‌లో పైపులు మోశాను. ఒకరోజు సైటులో జనరేటర్ ఆగిపోయి అందరూ చేతులు కట్టుకు నిలబడితే, పైపు కింద పెట్టి వెళ్ళి దాన్ని నడిపించాను. అది సూపర్‌వైజర్ చూశాడు. మా కంపెనీకి ఉత్తరాన అల్ రువైస్‌లో కోస్ట్ గార్డ్ బోట్లను చూసుకునే కాంట్రాక్టు కూడా ఉండేది. వారం తిరక్కుండా నన్ను అక్కడికి పంపారు. అప్పటినుంచి ఇరవై ఏళ్ళు ఆ బోట్ల ఇంజన్ల దగ్గరే ఉన్నాను. బతాకాలో మాత్రం ఆ మాట మారలేదు. అడిగిన ప్రతిసారీ వచ్చే నెల అన్నారు. ఆ వచ్చే నెల ఇరవై ఏళ్ళుగా వస్తూనే ఉంది.

అరే, ఒక్క మాట కోసం ఇంత రాద్ధాంతమా అని మీరనుకోవచ్చు. క్లర్కు అదే అన్నాడు. అతనికేం తెలుసు! ఆ ఒక్క మాట వెనక మా ఊళ్ళో నా పెళ్ళాం పడ్డ మాటలున్నాయి. ఆ సంగతికి వస్తాను. దానికంటే ముందు రబ్బరు చక్రం గురించి చెప్పాలి.

బోటు ఇంజను సముద్రపు నీళ్ళతోనే చల్లబడుతుంది. ఆ నీళ్ళను లోపలికి తోడే పంపులో అరచేతి వెడల్పున ఒక రబ్బరు చక్రం ఉంటుంది. దాన్ని ఇంపెల్లర్ అంటాం. చుట్టూ రబ్బరు రెక్కలుంటాయి. అవి అరుగుతాయి, విరుగుతాయి. విరిగితే పాతది తీసి కొత్తది వేయడం అరగంట పని, ఎవడైనా చేస్తాడు. కానీ విరిగిన ముక్కలు ఎక్కడికి పోయాయి? నీళ్ళతోపాటు కొట్టుకుపోయి కూలర్ సన్నగొట్టాల్లో ఇరుక్కుంటాయి. కొత్త చక్రం వేసినా నీళ్ళు సరిగా పారవు. గట్టు దగ్గర మెల్లగా నడిపి చూస్తే ఏమీ తెలియదు. నడి సముద్రంలో వేగం పెంచాక ఇంజను ఉడికిపోతుంది.

ఇదంతా నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. అల్ రువైస్‌కు వెళ్ళిన మొదటి ఏడే తప్పు చేసి నేర్చుకున్నాను. ఒక చిన్న గస్తీ బోటుకు చక్రం మార్చాను. పాత చక్రానికి ఒక ముక్క తక్కువైంది. చూశాను, దొరకలేదు. సముద్రంలోకే పోయి ఉంటుందిలే అనుకొని పంపు మూత బిగించేశాను. రెండు రోజులకు షమాల్ అనే దుమ్ముగాలి లేచింది. పడమటి దిక్కంతా పసుపుపచ్చగా అయిపోయింది. ఆ గాలిలో నా బోటు ఇంజను ఆగిపోయింది. ఆరుగురు మనుషులు పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా అలల మీద కొట్టుకుపోయారు. ఆ పూట నేనెక్కడున్నాను? క్యాంపులో పప్పు, అన్నం తిని కాళ్ళు చాపుకొని పడుకున్నాను.

ఇంకో బోటు వెళ్ళి వాళ్ళను లాక్కొచ్చింది. ఆ ఆరుగురిలో బోటు కెప్టెన్ కూడా ఉన్నాడు. ఇక్కడివాడే, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. కక్కి కక్కి మొహం పీక్కుపోయింది. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. అతను మాత్రం గట్టు మీద కూర్చొని, ఇంజను వైపు చెయ్యి చూపించి, "విప్పు," అన్నాడు. విప్పాను. కూలర్‌లో చింతగింజంత ముక్క అడ్డంపడి ఉంది, దానికి నాచు చుట్టుకొని ఉంది. అతను దాన్ని తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళను తనే మూశాడు.

"ఇది నీ దగ్గరే ఉంచుకో," అన్నాడు, వచ్చీరాని హిందీలో. "ఇకనుంచి నువ్వు బాగు చేసిన బోటు ట్రయల్‌కు పోతే నువ్వూ ఎక్కాలి. మాఫీ ట్రయల్, నువ్వు లేకుండా." మాఫీ అంటే ఇక్కడి అరబ్బీలో లేదు అని.

ఆ రోజునుంచి నేను రెండు పనులు మానలేదు. ఒకటి, బాగు చేసిన ప్రతి బోటూ ఎక్కి సముద్రంలోకి వెళ్ళేవాణ్ణి. రెండోది, క్యాంపు మెస్‌లోంచి ఒక స్టీలు పళ్ళెం తెచ్చుకున్నాను. విరిగిన చక్రాన్ని ఆ పళ్ళెంలో పెట్టి, దొరికిన ముక్కలన్నీ పేర్చి, చక్రం మళ్ళీ నిండుగా కనబడేదాకా మూత బిగించేవాణ్ణి కాదు. గోరంత ముక్క తగ్గినా గొట్టాలన్నీ విప్పేవాణ్ణి. నా పళ్ళెం చూసి వర్క్‌షాపులో అందరూ ఎగతాళి చేసేవాళ్ళు, పిండప్రదానం చేస్తున్నావా అనేవాళ్ళు. అన్నవాడి నోరు అన్నవాడిది, నా పళ్ళెం నాది.

ఇలా పన్నెండేళ్ళు గడిచాక కొత్త ఫోర్‌మన్ వచ్చాడు. కాకినాడ వైపు మనిషి, వయసులో నాకంటే చాలా చిన్న. చదువుకొని వచ్చాడు, అతని బతాకాలో మెకానికల్ ఫోర్‌మన్ అని ఉంది. చేసిన రిపేరు రాసే జాబ్ షీట్ మీద సంతకం ఎప్పుడూ ఫోర్‌మన్‌దే. లేబర్ సంతకం చెల్లదు కదా! పని నాది, సంతకం అతనిది, సముద్రంలోకి పోయేది మళ్ళీ నేను. అతను చెడ్డవాడేమీ కాదు. నన్ను బాబాయ్ అని పిలిచేవాడు. కాకపోతే పైనుంచి ఫోనొస్తే చెమటలు పట్టే రకం.

ఒక గురువారం పొద్దున పెద్ద బోటు ఒకటి వచ్చింది. చక్రానికి మూడు రెక్కలు విరిగాయి. పళ్ళెంలో పేర్చాను. రెండు రెక్కలు నిండాయి, మూడోదానికి కొస లేదు. గొట్టాలు విప్పడం మొదలుపెట్టాను.

"ఏం చేస్తున్నారు బాబాయ్? మూసేయండి. సాయంత్రానికి బోటు అప్పజెప్పాలి," అన్నాడు ఫోర్‌మన్.

"ముక్క దొరకలే సారు."

"ఎప్పుడో విరిగి ఎటో కొట్టుకుపోయుంటుంది. దానికోసం కూలరంతా విప్పుతారా?"

"ఒకపారి నేను గట్లనే అనుకున్న సారు. ఆరుగురు సావాల్సింది, బతికిండ్రు."

"సంతకం పెట్టేది నేనండీ. మీకేంటి భయం?"

"సంతకం మీది. బోటుల కూసునేది నేను."

అతనికి కోపం వచ్చింది. నలుగురూ వింటున్నారు మరి. "చూడండి, కాగితం మీద మీరు లేబరు. మూయమంటే మూయాలి, విప్పమంటే విప్పాలి. అంతే!" అన్నాడు.

నిజం చెబుతున్నాను, ఆ మాటకు నాకు ఒళ్ళంతా మండిపోయింది. చేతిలో స్పానర్ ఉంది. దాన్ని మెల్లగా కింద పెట్టాను. గుడ్డతో చేతులు తుడుచుకున్నాను. మూలనున్న చీపురు తీసుకొని గట్టు మీదికి వెళ్ళి ఊడవడం మొదలుపెట్టాను.

"ఏంటి బాబాయ్ ఈ నాటకం?"

"నాటకం గాదు సారు. బతాకల ఏముందో గా పని జేస్తున్న. లేబర్‌ను గద! ఇంజన్ల ముచ్చట నాకెట్ల ఎర్కైతది?"

"ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపిస్తాను, ఏమనుకుంటున్నారో!"

"పంపుండ్రి. పోయేదాంక ఊడుస్త."

భయం లేదా అంటే, ఎందుకు లేదు? నేనేమైనా సినిమా హీరోనా? ఆ పూట ఒకటికి నాలుగుసార్లు బాత్రూమ్‌కు పోయాను. కానీ చీపురు మాత్రం వదల్లేదు. మూడు రోజులు ఊడ్చాను. చేప పొలుసులు, ఖర్జూరం గింజలు, సిగరెట్ పీకలు, అన్నీ ఊడ్చి గట్టును అద్దంలా చేశాను. అక్కడ చేపల పడవల దగ్గర పని చేసే మా పక్క ఊరివాడొకడు నన్ను చూశాడు. పలకరించాడు కూడా. ఎందుకు ఊడుస్తున్నానో మాత్రం అడగలేదు.

అడగనివాడు ఊరికే ఉంటాడా? నేరుగా ఊరికి ఫోన్ చేశాడు. "దుబాయ్‌ల మెకానిక్ అని చెప్పుకుంటడు, గీడ చీపురు పట్టి ఊడుస్తుండు," అన్నాడట. మా ఊరికి ఖతర్ లేదు, గల్ఫంతా దుబాయే. ఆ మాట మా బావ చెవిన పడింది. మా అక్క మొగుడు. ఆయనకు అంతకంటే పండగ ఇంకేముంది! అప్పటినుంచి పెళ్ళి అయినా, చావు అయినా, నలుగురు చేరిన చోట నా పెళ్ళాన్ని పట్టుకొని, "ఏం చెల్లే, మావోడు దుబాయ్‌ని మంచిగ ఊడుస్తున్నడా?" అని అడిగేవాడు. ఒకసారి ఆమె వడ్డిస్తున్న గరిటె అక్కడే పెట్టి, తినకుండా ఇంటికి వచ్చేసింది. ఆ రోజు ఫోన్‌లో ఏడ్చింది. "మెకానిక్ అని కాయిదం తే. గా అన్న ముంగట పెడ్త. నాకింకేం తేకున్నా మంచిదే," అంది. తెస్తానని మాటిచ్చాను.

సరే, ఫోర్‌మన్ ఆ గురువారం సాయంత్రమే వేరేవాళ్ళతో మూత బిగించి సంతకం పెట్టాడు. కోస్ట్ గార్డ్ వాళ్ళు ట్రయల్‌కు వచ్చింది మాత్రం నేను ఊడ్చిన మూడో రోజు. తీసుకుపోవడానికి వచ్చింది ఆ పాత కెప్టెనే. అప్పటికి గడ్డం సగం నెరిసింది. బోటెక్కి, ఇంజను దగ్గర నేను లేకపోవడం చూసి దిగొచ్చాడు.

"వేన్ మెకానిక్?" అన్నాడు. మెకానిక్ ఎక్కడ అని.

ఎవరో చెయ్యి చూపించారు. కెప్టెన్ నా దగ్గరికి వచ్చి చీపురును, నన్నూ మార్చి మార్చి చూశాడు. నేను జేబులోంచి బతాకా తీసి చూపించాను. "నేను లేబర్ బాబా, ఇదిగో, రాసి ఉంది," అన్నాను. ఇంకో జేబులోంచి చింతగింజంత రబ్బరు ముక్కను తీసి దాని పక్కన పెట్టాను. పన్నెండేళ్ళుగా దాన్ని చొక్కా మార్చినప్పుడల్లా జేబు మారుస్తూ వచ్చాను. అతను దాన్ని గుర్తుపట్టాడు.

ఫోర్‌మన్ వైపు తిరిగి, "సంతకం నీదేనా?" అన్నాడు.

"అవును సార్."

"యల్లా, ఎక్కు. నువ్వు, నేను పోదాం. దూరం పోదాం, ఫుల్ స్పీడ్."

ఫోర్‌మన్ గట్టు అంచుదాకా వచ్చాడు. ఒక కాలు బోటులో పెట్టాడు. రెండో కాలు లేవలేదు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళ గురించి పెద్దలు చెప్పారు గానీ, ఒక పడవ, ఒక గట్టు మీద పెట్టినవాణ్ణి నేను ఆ రోజే చూశాను. అలా ఎంతసేపు నిలబడ్డాడో, చివరికి కాలు వెనక్కి తీసుకున్నాడు. నన్ను చూడకుండానే, "విప్పండి బాబాయ్," అన్నాడు.

చీపురు గోడకానించి విప్పాను. ముక్క ఎక్కడికీ పోలేదు. కూలర్ గొట్టం మూతిలోనే అడ్డంగా కూర్చొని ఉంది. తీసుకొచ్చి పళ్ళెంలో పెడితే మూడో రెక్క కొస సరిగ్గా అతుక్కుంది. ఎగతాళి చేసినవాళ్ళంతా చుట్టూ మూగి చూశారు. నాకు సంతోషమైంది. చాలా సంతోషమైంది, ఎందుకు దాచాలి?

కెప్టెన్ జాబ్ షీట్ తెప్పించాడు. ఫోర్‌మన్ సంతకం కింద వేలు పెట్టి, "ఇక్కడ నువ్వు రాయి," అన్నాడు. నాకు అరబ్బీ రాదు, ఇంగ్లీషు రాయడం అంతంతమాత్రం. తెలుగులో నా పేరు రాశాను. అతను ఆ అక్షరాలను కాసేపు చూసి, "అన్నీ గుండ్రంగా ఉన్నాయి, ఇంపెల్లర్‌లాగా," అని నవ్వాడు. అప్పటినుంచి ప్రతి షీట్ మీదా ఫోర్‌మన్ సంతకం కింద నా తెలుగు సంతకం ఉండేది. ఫోర్‌మన్ నాకు క్షమాపణ చెప్పలేదు, నేనూ అడగలేదు. కాకపోతే షీట్ మాత్రం తనే తెచ్చి ఇచ్చేవాడు. కెప్టెన్ రిటైరైపోయాడు. ఆ తర్వాత వచ్చిన కెప్టెన్లు కూడా గుండ్రటి అక్షరాలు లేని షీట్‌ను వెనక్కి పంపేవాళ్ళు. అందులో ఏం రాసి ఉందో వాళ్ళలో ఒక్కరికీ చదవడం రాదు.

ఇప్పుడు చెప్పండి. ఇరవై ఏళ్ళు అలా పని చేసినవాడు ఆ కాగితం తీసుకోవాలా?

క్లర్కుకు ఇదంతా చెప్పలేదు. అంత ఓపిక నాకూ లేదు, అతనికీ పని ఉంది. "పాత జాబ్ షీట్లు తెప్పించి చూడు," అన్నాను. అవి లెక్కలోకి రావన్నాడు. "పెద్దసారును అడుగు," అన్నాను. లోపలికి వెళ్ళి అడిగి వచ్చాడు, అది మాత్రం చెప్పుకోవాలి. తల అడ్డంగా ఊపుకుంటూ వచ్చాడు.

"కాదన్నడు చాచా. ఎల్లుండి ఫ్లైట్ ఉంది మీకు. గిది తీస్కోండ్రి, లేకుంటే ఉత్త చేతులతోని పోతరు. మీ ఇష్టం."

కుర్చీలో కూర్చొని చాలాసేపు ఆ కాగితాన్నే చూశాను. ఇంటికి వెళ్ళి ఆమెకు ఏం చెప్పను? నువ్వు ఇన్నేళ్ళు పడ్డ మాటలే నిజమని, వాటికి ఇదిగో స్టాంపు కూడా వేయించుకొచ్చానని చెప్పనా? ఏడుపు కూడా వచ్చింది. అంతలో కంపెనీ మేనేజర్ సంతకం కింద నా చూపు ఆగింది. అక్కడ రెండు వేళ్ళ వెడల్పున ఖాళీ ఉంది. జాబ్ షీట్‌లో ఉన్నంతే ఉంది.

"పెన్ను ఇయ్యి బిడ్డా," అన్నాను.

తీసుకున్నానని సంతకం పెడతానేమో అనుకొని ఇచ్చాడు. నేను లేబర్ అన్న మాటను అడ్డంగా కొట్టేశాను. గట్టిగానే కొట్టాను, కాగితం కొంచెం చిరిగింది కూడా. మేనేజర్ సంతకం కింద తెలుగులో పెద్ద అక్షరాలతో మెకానిక్ అని రాసి, దాని కింద నా పేరు రాశాను.

"యా అల్లా! ఏం జేసిండ్రు చాచా! ఖరాబైపోయింది. గిది ఇగ చెల్లది."

"నా సంతకం లేకుంట బోట్లే కదల్లే. గీ కాయిదం ఎట్ల చెల్లుతది? ఇప్పుడు చెల్లుతది," అని మడిచి, రబ్బరు ముక్క ఉన్న జేబులో పెట్టుకున్నాను.

బయటికి వచ్చి, ఆఫీసు మెట్ల మీదే దాన్ని ఫొటో తీసి నా పెళ్ళానికి వాట్సాప్‌లో పంపాను. ఆమె అయిదో తరగతి దాకా చదివింది. తెలుగు కూడబలుక్కొని చదువుతుంది, ఇంగ్లీషు రాదు. రోడ్డు దాటి బస్టాపు దగ్గరికి వచ్చేసరికి ఫోన్ మోగింది.

"ఇంగ్లీషుల ఏం రాసిండ్రో నాకు తెల్వదు గని, కింద మెకానిక్ అని తెలుగుల మంచిగ రాసిండ్రు," అంది. "గీ పొద్దే గా అన్న ఇంటికి పోత. అవుగని, గా దేశంల తెలుగుల ఎవలు రాసిండ్రయ్యా?"

"రాయాల్సినోడే రాసిండు," అన్నాను.